పరుపు మగాడు, దుప్పటి ఆడది

నాకు యాభై దాటాయి. అయినా కాటన్‌పేటలో నేను బేబీనే. మా అన్న జయరామప్ప పరుపుల అంగట్లో దూది తూచేదీ, గిరాకీలతో గొడవపడేదీ నేనే. నాకు నోరు పెద్దదని అందరూ అంటారు. అననీ! నేను కూడా మాట్లాడకపోతే మా ఇల్లు ఎప్పుడో మూగబోయేది.

మా వదిన పోయి రెండేళ్లయింది. ఆ రోజు నుంచి అన్న ఆమె ఊసెత్తలేదు. ఎవరైనా ఎత్తితే లేచి గోడౌనులోకి వెళ్లిపోతాడు. వాళ్లకు ఒక్కతే కూతురు, నళిని. ఆ పిల్ల ఏ కామర్సో చదవక, యూనివర్సిటీలో ఎం.ఏ. ఫ్రెంచ్‌లో చేరింది. బజారంతా నవ్వింది. నవ్వినవాళ్లందరినీ దులిపేశాను గానీ, ఆ చదువేమిటో నాకూ తెలియదు.

అన్న నవ్వలేదు. కాకపోతే ఆ భాష మీద ఆయనకు రెండు ఫిర్యాదులుండేవి. రాసిన అక్షరాల్లో సగం పలకరట! "పలకని అక్షరం రాసేదెందుకు? తూకం వేసి సరుకు ఇయ్యనట్ల ఉండాది," అనేవాడు. రెండోది, అందులో వస్తువులకు కూడా ఆడా మగా ఉంటాయట. పరుపు మగాడంట, దుప్పటి ఆడదంట! అది విన్న రోజు మాత్రం మా అన్న పడీపడీ నవ్వాడు. ఎవరైనా దుప్పటి అడిగితే చాలు, "బేబీ, ఆయమ్మను కిందికి దించు," అనేవాడు.

నళిని ఫ్రెంచ్ నవలలు చదివేది, చదివి ఏడ్చేది, రాత పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకునేది. తంటా అంతా నోటి పరీక్షతోనే. "మీ ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అని అడిగారట, అంతే. అమ్మ దగ్గరికి వచ్చేసరికి దానికి మాట పెగల్లేదు. ఫెయిలైంది. ఇంకొక్క అవకాశం ఇస్తారట. అన్న తేల్చి చెప్పేశాడు: "ఈసారీ కాకపోతే ఇంక చాలు. చదువు మానేసి అంగట్లో కూర్చో." పిల్ల తలూపింది. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లమ్మ పోయాక దాని ముఖంలో కాస్త కళ వచ్చిందంటే ఆ చదువు వల్లే కదా!

పరీక్ష దగ్గర పడ్డాక ఒకరోజు ఏడుపు ముఖంతో ఇంటికొచ్చింది. వాళ్లకు పాఠం చెప్పే మార్త మేడమ్‌ది గుంటూరు, తెలుగావిడే. "అమ్మను మిస్ అవుతున్నాను" అని ఫ్రెంచ్‌లో చెప్పమందట. మా పిల్ల ముందు ఇంగ్లీషులో అనుకుని, దాన్నే ఫ్రెంచ్‌లోకి తిప్పిందట. తీరా చూస్తే మాట తలకిందులై, వాళ్లమ్మే దీనికోసం బెంగపెట్టుకుందని అర్థం వచ్చిందట. పాపం, క్లాసులోనే ఏడ్చేసింది. "ఇంగ్లీషు మీదుగా పోతే చుట్టుదారే అమ్మాయ్. తెలుగులో ఎలా అంటావో ఆలోచించుకో," అని చెప్పి పంపిందట ఆవిడ.

"అత్తా, మిస్ అవుతున్నానని మనం ఎట్ల అంటాం?"

"మిస్ అయ్యేకి అదేమన్నా బస్సా?" అని కసిరాను. దాని కళ్లు చూశాక ప్రాణం ఉసూరుమంది. "ఏమంటామే... మీయమ్మ పోయినాక ఈ ఇంట్లో నవ్వు కరువైపోయిందని అంటా ఉంటా కదా, అట్లే."

"కరువైంది!" అని ఎగిరి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మ నాకు కరువైంది. అత్తా, ఫ్రెంచ్‌లో అచ్చం ఇట్లే ఉండాది!"

నాకేమీ బోధపడలేదు. కానీ ఆ రోజంతా దానికి వంటింట్లో అదే జపం.

పరీక్ష రోజు సాయంత్రం నేరుగా అంగడికే వచ్చింది. అన్న దబ్బనంతో పరుపు అంచు కుడుతున్నాడు. తలెత్తకుండానే "ఏమాయె?" అన్నాడు.

"రిజల్టు వచ్చే వారం అప్పా. మళ్లీ అదే అడిగినారు, ఇంట్లో ఎవరెవరని."

దబ్బనం ఆగింది. "ఏం చెప్తివి?"

"మా మేర్ మె మాంక్."

"అంటే?"

"అమ్మ నాకు కరువైంది, అని." ఈసారి దాని మాట ఆగలేదు.

అన్న లేచి గోడౌనులోకి పోతాడనుకున్నాను. పోలేదు. పరుపు మీద చెయ్యి ఆనించి అలాగే కూర్చున్నాడు. "పాసైనా ఫెయిలైనా చదువుకో అమ్మణ్ణీ. అంగడికి నేనుండా, మీ అత్త ఉండాది," అన్నాడు.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. అన్న దబ్బనం మళ్లీ పరుపులో గుచ్చాడు గానీ లాగలేదు.

"ఆ మాట... మొగోళ్లు చెప్తే మారతాదా?"

నళిని నా వైపు చూసి, తండ్రి పక్కనే నేల మీద కూర్చుంది. "లేదప్పా. ఎవురు చెప్పినా అంతే. నువ్వయితే 'ఎల్ మె మాంక్' అను. 'ఎల్' అంటే ఆమె."

అప్పుడే ఎవరో దుప్పటి కావాలంటూ మెట్లెక్కాడు. "అంగడి మూసేసినాం, రేపు రాప్పా," అని తరిమేశాను. నా వెనక మా అన్న, నాలుక తిరక్క, కూడబలుక్కుంటూ మా వదిన గురించి మాట్లాడుతున్నాడు.

"ఎల్... మె... మాంక్."