వ్యాను మూతికి కట్టిన గుడ్డ

మునుపు తెల్లవారుజామున పెరట్లో వ్యాను శబ్దం మొదలయ్యాకే నేను పొయ్యి వెలిగించేదాన్ని. ఆయన ఇంజనును కాసేపు ఊరికే ఆడించి, చేతులు తుడుచుకుంటూ వంటింటి గడప దగ్గరికి వచ్చేసరికి టీ దిగేది. తర్వాత కొన్ని నెలలు ఏ శబ్దమూ లేదు. అయినా ఆ వేళకే మెలకువ వచ్చేది. పొయ్యి వెలిగించాలో వద్దో తెలియక ఇంట్లోకీ పెరట్లోకీ తిరిగేదాన్ని.

ఆయన పేరు మార్కండేయ. ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని పెరిగిన మనిషి. మోకాళ్ళు పట్టేసి మగ్గం దగ్గర కూర్చోలేని రోజు వచ్చాక, అనంతపురంలో ఒక ఆసుపత్రివాళ్ళు వేలం వేసిన పాత వ్యాను కొన్నాడు. ఎప్పుడో ఒక దొర డాక్టరు సముద్రాల అవతలినుంచి తెచ్చుకుని, పోతూ పోతూ వదిలేసిన బండి. దానికి ఇంజను వెనక ఉంటుంది. రేడియేటర్ లేదు, నీళ్ళు పోసే పని లేదు, గాలికే చల్లబడుతుంది. దాన్ని చూసి వీధంతా నవ్వింది.

"మన సీమకు ఇదే సరైన బండి కదప్పా. నీళ్ళడగదు," అన్నాడాయన. ఆ తర్వాత ఎవరు నవ్వినా పట్టించుకోలేదు.

పట్టునూలు, మగ్గానికి ఎక్కించే పడుగు వార్పులు వేసుకుని గోరంట్ల వైపు, ముదిగుబ్బ వైపు పల్లెల్లో నేసేవాళ్ళకు ఇచ్చి, నేసిన చీరలు తెచ్చేవాడు. చీరల మీద దుమ్ము పడకూడదని కిటికీ సందుల్లో పాత దుప్పట్లు కుక్కేవాడు. మనుషులను ఎక్కించుకునేవాడు కాదు. కానీ దారిలో కాన్పుకు పోయే ఆడమనిషి కనపడితే మూటలన్నీ ముందు సీట్లోకి మార్చి, ఆ దుప్పట్లే తీసి పరిచేవాడు. ఇంటికొచ్చాక ఆ మాట చెప్పేవాడు కాదు. దుప్పట్లు ఉతికేటప్పుడు నాకే తెలిసేది.

ఒక ఎండాకాలం ముదిగుబ్బ దారిలో సుడిగాలి లేచి, ఎర్రమట్టి ఇంజనులోకి పోయి బండి నిలిచిపోయింది. నేను నా పాత నేతచీర కొంగు చింపి ఇచ్చి, గాలి పీల్చుకునే గొట్టం మూతికి కట్టుకోమన్నాను. నవ్వుతాడనుకున్నాను. కట్టాడు. అప్పటినుంచి శనివారం శనివారం ఆ గుడ్డ ఉతకడం నా పని, కట్టడం ఆయన పని.

మాఘమాసంలో పోయాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఛాతీ పట్టుకున్నాడు. అంతే.

ఎండలు ముదిరినాక మా మరిది నరేంద్ర వచ్చాడు. బండి కాగితాలకు గడువు అయిపోతోందట. పొగ పరీక్ష పాసైతే తప్ప మళ్ళీ ఫిట్‌నెస్ ఇవ్వరట.

"పాసయితే అన్న లైను నేనే తిప్పుతా వదినా. కాలేదంటే పాతినుపోనికి ఇచ్చేద్దాం. తాడిపత్రి రోడ్డులో ఒకాయప్ప అడుగుతాండాడు," అన్నాడు.

"ఒక్కసారికే ఇచ్చేస్తావా?"

"ఎన్నిసార్లు సూడల్ల? పెరట్లో పెట్టుకోని పూజలు చేస్తామా?"

ఆ పాతినుప మనిషి అప్పటికే ఒకసారి వచ్చి, టైరును కాలితో తన్ని చూసిపోయాడు. ఆ చప్పుడు చెవిలోంచి పోలేదు. ఆ రోజంతా బియ్యం ఏరుతూ ఏరుతూ లేచిపోయి బండిని చూసివచ్చాను. కూర్చుంటే మళ్ళీ ఏరిన బియ్యమే ఏరాను.

ఓబిలేష్‌కు కబురు పెట్టాను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ బండికి మెకానిక్ అతనే. పరీక్షకు ముందురోజు చీకటి విడవకముందే వచ్చి తలుపు తట్టాడు.

"ఇంత పొద్దున్నే ఏమప్పా?"

"ఈ ఇంజనుకు ట్యాపెట్ల సందులు సల్లగా ఉన్నప్పుడే సూడల్ల వదినా. పొద్దెక్కినాక మన ఊర్లో ఏ ఇనుము సల్లగుంటాది?"

బండి కింద పడుకుని, సన్నటి ఉక్కురేకు దూర్చి చూస్తూ సందులు సరిచేశాడు. నిప్పురవ్వ ఇచ్చే పాయింట్లు గీకి శుభ్రం చేశాడు. తర్వాత ఇంజను ఆడిస్తూ, కార్బొరేటర్ మర తిప్పుతూ చెవి పెట్టి విన్నాడు. ఇటు తిప్పితే దగ్గేది, అటు తిప్పితే నిమ్మళించేది. నా కాలు ఒకచోట నిలవలేదు.

"పాసవుతాదా?"

"ఓ వదినా, ఇంజను మాట ఇనాల్నా, నీ మాట ఇనాల్నా?"

ఊరి బయటికి ఒక చుట్టు తిప్పి తెచ్చి, ప్లగ్గు విప్పి నా చేతిలో పెట్టాడు. ఎప్పుడూ మసిపట్టి నల్లగా ఉండేది ఇటుకరంగుకు తిరిగింది. "ఇట్లుండల్ల," అని నవ్వి పోయాడు.

అతను పోయాక చూస్తే గుడ్డ చక్రం పక్కన మట్టిలో పడి ఉంది. కట్టడం మరిచిపోయాడనుకున్నాను. ఉతికి ఆరవేసి, మరునాడు నరేంద్ర బండి తీయకముందే మూతికి బిగించి కట్టాను. బయట గాలి బాగా లేచింది. ఆయన ఉంటే కట్టకుండా గేటు దాటేవాడు కాదు.

"ఆడ నీకేం పని వదినా?" అని నరేంద్ర అన్నా వినకుండా నేనూ ఎక్కాను. ఓబిలేష్ మోటారుసైకిలు మీద వెనకే వచ్చాడు.

పెట్రోలు బంకు పక్కన పరీక్ష చేసే తిప్పేస్వామి, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి కంప్యూటరు వైపు చూశాడు. మళ్ళీ చూశాడు.

"పొగ అంకె మూడు లోపల ఉండల్ల. ఇది ఐదు దాటిండాది. ఏమప్పా, ఇది వ్యానా, ఇటుకల బట్టీనా?"

ఓబిలేష్ ముఖం వాడిపోయింది. నరేంద్ర ఎవరి వైపూ చూడకుండా ఫోను తీసి దూరంగా నడిచాడు. "అన్నా, ఆ వ్యాను సంగతి..." అనడం వినపడింది. నేను బండి దిగాను. దిగి ఏం చేయాలో తెలియక, వేడెక్కిన రేకు మీద చెయ్యి పెట్టి తీశాను.

ఓబిలేష్ వెనక తలుపు ఎత్తాడు. మూతి మీది గుడ్డ పట్టుకుని నా వైపు తిరిగాడు.

"వదినా, ఇది ఎవరు కట్టినారు?"

"నేనే. నువ్వు మరిచిపోతివని."

"మరిచిపోలే, తీసేసినా. ముక్కు మూసి పరుగెత్తమంటే ఎట్ల? గాలి చాలక పెట్రోలు సగం కాలకనే బయటికి పోతాండాది."

"మరి ఆయన ఎప్పుడూ కడతాండె కదప్పా. అయినా పాసవుతాండె."

"ఈడికి వస్తానే విప్పి జేబులో పెట్టుకుంటాండె అన్న. అయిపోయినాక మళ్ళీ కడతాండె."

పరీక్షకు పోయివచ్చిన రోజల్లా ఆయన తెల్లచొక్కా జేబుకు నూనెమరక అయ్యేది. చెయ్యి తుడుచుకోవడానికి జేబే దొరికిందా అని సణుగుతూ బండకేసి బాదేదాన్ని. ఆయన తల ఎత్తకుండా టీ తాగేవాడు.

"దుమ్ము పట్టనీకి లోపల నూనె గిన్నె ఉండనే ఉండాది. ఆ సుడిగాలినాడు దాంట్లో నూనె అయిపోయినందుకే మట్టి పోయింది," అన్నాడు ఓబిలేష్. "గుడ్డ ఎందుకన్నా అంటే, 'మా ఇంట్లో ఉతికి మడతపెట్టి ఇస్తాది, కట్టకుంటే ఊరుకుంటాదా?' అంటాండె."

నేను చెయ్యి చాచాను. విప్పి ఇచ్చాడు. జేబు లేదు కాబట్టి కొంగుకు ముడివేసుకున్నాను. తర్వాత నరేంద్ర దగ్గరికి పోయి, "ఫోను పెట్టేయప్పా. ఇంకొక్కసారి చూస్తారు," అన్నాను. నేనంత గట్టిగా మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు.

తిప్పేస్వామి మళ్ళీ గొట్టం పెట్టాడు. ఈసారి అంకె మూడు కిందికి దిగింది. ఇంకా దిగి, అక్కడే నిలిచింది.

"బట్టీ ఆరిపోయిందప్పా," అన్నాడు.

నరేంద్ర మళ్ళీ ఫోను చేసి, "లేదులే అన్నా, అమ్మం," అన్నాడు.

ఈ రోజు శనివారం. తెల్లవారుజామున పెరట్లో ఇంజను మొదలైంది. ఆయన ఆడించినట్టు లేదు. నరేంద్ర తొందర మనిషి, వేడెక్కకముందే తొక్కుతాడు. నేను పొయ్యి వెలిగించాను. టీ తాగి అతను వెనక తలుపు చూశాడు.

"గాలి లేచింది వదినా. గుడ్డ ఉతకలేదా?"

"దానికి అక్కర్లేదంటప్పా. పో, గోరంట్లవాళ్ళు కాచుకోనుంటారు."

వ్యాను వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. శబ్దం వినపడనంత దూరం పోయినా, లోపలికి పోవడానికి కాలు రాలేదు. పెరట్లోకి పోయి బట్టలు నానబెట్టాను. నరేంద్ర విడిచిపోయిన చొక్కా, నా చీరలు, దుప్పట్లు, అన్నీ ఉతికి తీగ మీద వేశాను. బొక్కెనలో ఇంకా నీళ్ళున్నాయి. గుడ్డ బండ మీదే ఉంది, ఆ రోజు కొంగునుంచి విప్పి పెట్టినట్టే, మట్టితో, నూనెతో. చెయ్యి రెండుసార్లు దాని దగ్గరికి పోయింది. బొక్కెన ఎత్తి నీళ్ళు కరివేపాకు మొక్కకు పోసి, లోపలికి వచ్చేశాను.