జమ్మలమడుగు బస్సు బోర్డు

పోయిన వారం మా ఊరికి దగ్గరి పులివెందుల బస్టాండులో ప్రొద్దుటూరు బస్సు కోసం నిలబడి ఉండగా, ఎదురుగోడకు కొత్తగా కట్టిన పెద్ద ఫ్లెక్సీ ఒకటి కంటబడింది. దేశంలో చదువు రాని పెద్దవాళ్లందరికీ మళ్లీ చదువు చెప్పబోతున్నారట, ఈసారి ఫోనులోనే నేర్పుతారట, బతికినన్నాళ్లూ నేర్చుకుంటూనే ఉండవచ్చునట. ఆ రాతల పక్కన ఒక ముసలామె పలక పట్టుకుని నవ్వుతోంది. ఆ తెల్లని పలువరస, ఆ నలగని చీర చూడగానే మా వైపు ఎండలో తిరిగిన మనిషి కాదని తెలిసిపోతుంది. సరిగ్గా ఆ ఫ్లెక్సీ కింద, దానికి వీపు పెట్టి, సిమెంటు దిమ్మె మీద కాళ్లు ముడుచుకుని, ఒళ్లో చీనీకాయల, అదే బత్తాయిల, సంచి పెట్టుకుని మా ఖాలా కూర్చుని ఉంది.

ఖాలా అంటే పిన్ని, కానీ ఆమె మాకు చుట్టం కాదు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ, అంతే. మా వీధి పిల్లలందరం ఆమెను ఖాలా అనే పిలిచేవాళ్లం. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేది. భర్త నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ కువైట్‌లోనే. ఉన్న ఒక్క కూతురినీ జమ్మలమడుగుకు ఇచ్చింది. ఆమెను అలా చూసేసరికి దగ్గరికి వెళ్లి పలకరించాల్సింది పోయి, స్తంభం చాటుకు జరిగి నిలబడ్డాను. నా తీరే అంత. ఎవరినైనా పలకరించాలంటే ముందు లోపల ఒకసారి పలకరించుకుని చూసుకోవాలి.

ముప్పై దాటి ఎన్నాళ్లో కాలేదు, అప్పుడే పాతసంగతులు రాసుకునే వయసు వచ్చిందా అని ఎవరైనా నవ్వవచ్చు. కానీ నాతో పాటు డిగ్రీ చేసి, కాంట్రాక్టు మీద ఏదో ఒక పథకంలో చేరి, ఆ పథకంతో పాటే ఇంటికి వచ్చేసినవాళ్లకు తెలుసు. మా తరానికి ఉద్యోగం మొదలైన కొద్దికాలానికే జ్ఞాపకమైపోయింది.

ప్రొద్దుటూరులో డిగ్రీ అయ్యాక నేను ఇంట్లోనే ఉండిపోయాను. పుస్తకాలు చదువుకోవడం, రోజూ డైరీ రాసుకోవడం, ఎవరైనా ఇంటికి వస్తే వంటింట్లోకి వెళ్లిపోవడం, ఇదీ నా దినచర్య. అప్పుడు దేశమంతా నడుస్తున్న వయోజన విద్య కార్యక్రమంలో మా ఊరికి ఒక కోఆర్డినేటరు కావాలన్నారు. ఆడపిల్లే అయి ఉండాలి, ఆ ఊరిదే అయి ఉండాలి. మా పెదనాన్న ఒక మాట చెప్పి నన్ను పెట్టించాడు. ఆ పని వచ్చిందని తెలిసిన రోజు నాకు సంతోషం కలగలేదు, వంటింట్లోకి వెళ్లి కూర్చున్నాను.

బడి కాదు కాబట్టి దానికి గది లేదు. పీర్ల చావిడి అరుగు ఇచ్చారు. పీర్లను ఎత్తే రోజుల్లో తప్ప ఆ అరుగు మధ్యాహ్నాలు ఖాళీగానే ఉండేది. అన్నాలు తిన్న తరువాత, బర్రెల పాలు పితికే వేళకు ముందు ఆడవాళ్లు వచ్చి కూర్చునేవాళ్లు. మొదటిరోజు నేను లేచి నిలబడి అందరి మొహాలూ చూస్తూ ఉండిపోయాను. మా అమ్మ వయసు వాళ్లు, అవ్వ వయసు వాళ్లు అందరూ నా మొహమే చూస్తున్నారు. చివరికి మా పెద్దమ్మ అంది:

"ఏమ్మే, మాకు చదువు చెప్పనీకె వచ్చినావా, మా మొగాలు చూసి పోనీకె వచ్చినావా?"

అందరూ ఒకటే నవ్వు. నేను కూడా నవ్వాను. అలా మొదలైంది.

మా పెద్దమ్మకు నాలుగైదు ఎకరాల చీనీ తోట ఉండేది. ఊళ్లో సగం మంది ఆడవాళ్లు ఆమె తోటలో కాయలు కోసేవాళ్లే. ఆమె తరగతికి చదువు కోసం వచ్చేది కాదు, కాలక్షేపానికి వచ్చేది. ఆమె వస్తే మిగతావాళ్లు వచ్చేవాళ్లు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. పైనుంచి వచ్చిన వాచకంలో మొదటి మాట పడవ. దాని పక్కన నీళ్లు, నీళ్ల మీద పడవ బొమ్మ. అది చూసి పెద్దమ్మ, "బోర్లన్నీ ఎండిపోయి మేము ఏడుస్తాంటే, పడవ యాడ నడిపేది పాపా? ఇది రాసినోడు ఒకసారి ఈడికి వచ్చి పోతే బాగుండు" అని పుస్తకం మూసి వక్కాకు సంచి తెరిచింది. దేశానికంతటికీ ఒకే వాచకం వేసినప్పుడు, ఎవరో ఒకరికి అందులో నీళ్లు ఎక్కువవుతాయి.

ఖాలా మొదట్లో రాలేదు. తన వాకిట్లో బొంత కుట్టుకుంటూ మా నవ్వులు వినేది. ఆమె వచ్చిన కారణం చాలారోజుల వరకు నాకు ఒక్కదానికే తెలుసు.

కూతురికి నొప్పులు వస్తున్నాయని ఫోను వస్తే ఆమె బుర్ఖా తగిలించుకుని పులివెందుల బస్టాండుకు పరుగెత్తింది. చదువు రానివాళ్లు బస్సును బోర్డు చూసి ఎక్కరు, అది నిలబడే చోటు చూసి ఎక్కుతారు. జమ్మలమడుగు బస్సు రోజూ టీ బంకు ఎదురుగా నిలబడేది. ఆ రోజు అక్కడ ప్రొద్దుటూరు బస్సు నిలబడి ఉంది. రెండూ ముద్దనూరు దాకా ఒకే దారిన పోతాయి కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు. కునుకు పట్టింది, కండక్టరు టికెట్టు అడిగినప్పుడు చేతిలో ఉన్న నోటు చాపింది గానీ ఊరు పేరు చెప్పలేదు, అతను చివరిదాకా కొట్టేశాడు. ప్రొద్దుటూరులో దిగి, తప్పు తెలుసుకుని, మళ్లీ బస్సు పట్టుకుని జమ్మలమడుగు ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ పుట్టి తుడిచి పడుకోబెట్టడం కూడా అయిపోయింది. నొప్పుల్లో కూతురు వాకిలి వైపే చూసిందట. యాడ పోయినావు అమ్మీ అని అడిగితే, బస్సు పంచరైందని అబద్ధం చెప్పిందట.

"అడగొచ్చు కదా ఖాలా, ఎవర్నైనా?" అన్నాను, ఈ సంగతి నాకు చెప్పిన రోజు.

"మగోళ్లు నిలబడి ఉండ్రి బేటీ. బోర్డు కనపళ్లేదా అంటారు. నువ్వు మాత్రం అడుగుతావా?"

నేను అడగను. ప్రొద్దుటూరులో కాలేజీకి వెళ్లిన ఆ మూడేళ్లూ ఏ మనిషినీ ఏ బస్సని అడగకుండా గడిపాను, బోర్డులు చదవగలిగాను కాబట్టే గడపగలిగాను. అక్షరం ఎవరికి ఎక్కువ అవసరమో నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది. నోరున్నవాళ్లు అడిగి తెలుసుకుంటారు. మాలాంటివాళ్లకు గోడ మీదా బోర్డు మీదా రాసి ఉన్నదే దిక్కు.

మరునాటి నుంచి పడవ పుస్తకం పక్కన పెట్టాను. చావిడి గోడ మీద సుద్దతో బస్సు బోర్డులు గీశాను. ఎవరికి కావలసిన ఊరు వాళ్లు ఎంచుకోమన్నాను. శ్రావణ శనివారాలు తప్పకుండా ఆంజనేయస్వామి దర్శనానికి పోయే పెద్దమ్మ, "గండి నాది. రెండే అక్షరాలు, నాకు అవి చాలు" అంది. పెండ్లిమర్రి పుట్టిల్లు అయిన ఆమె ఆ పేరులోని ఒత్తులు చూసి, తనను అంత దూరం ఇచ్చిన తండ్రిని తిట్టుకుంటూ నేర్చుకుంది. ఖాలా మాత్రం గోడ దగ్గరికి వెళ్లి, జమ్మలమడుగు మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం మీదుగా నెమ్మదిగా జరుపుకుంటూ పోయేది. సూది పట్టి పట్టి చివర గట్టిపడిన వేలు అది. ఆమె అ ఆ లు నేర్చుకోలేదు. ముందు కూతురి ఊరు నేర్చుకుంది, ఆ ఊరి అక్షరాలతో మిగతా ఊర్లు నేర్చుకుంది.

కొన్ని నెలలకు చావిడికి రోజూ పేపరు తెప్పించాము. అందరూ ముందుగా శ్రద్ధాంజలి ప్రకటనలే చూసేవాళ్లు. ఫొటో ఉంటుంది, పేరు ఉంటుంది, ఊరు ఉంటుంది, చదవడానికి అంతకంటే సులువైనది లేదు. ఎవరు పోయారో చదివి, వాళ్లెవరో తెలియకపోయినా అయ్యో అనుకుని, తరువాత ఆ మనిషి చీర గురించో మీసాల గురించో మాట్లాడుకునేవాళ్లు.

ఒక రోజు ఖాలా జమ్మలమడుగుకు ఒంటరిగా బయలుదేరింది. నేనూ పెద్దమ్మా బస్టాండు దాకా వెళ్లాము, కానీ దూరంగానే నిలబడ్డాము. ఆమె టీ బంకు ఎదురుగా ఉన్న బస్సు వైపు చూడనైనా చూడలేదు. ఆ చివర నిలబడిన బస్సు ముందుకు వెళ్లి, రేకు మీద పెయింటుతో రాసిన బోర్డును పెదవులు కదుపుతూ చదివి, వెనక్కి తిరిగి మా వైపు చూసి చెయ్యెత్తింది. పెద్దమ్మ ముక్కు చీదుకుని, "దుమ్ము శానా ఉందిమ్మే ఈడ" అంది. ఆ సాయంత్రం డైరీలో ఏం రాయాలో తోచక, ఊరి పేరు ఒక్కటీ రాసి మూసేశాను.

అంతకంటే పెద్ద ఆనందం ఆ ఉద్యోగంలో మళ్లీ రాలేదు.

తరువాత పరీక్ష వచ్చింది. దేశమంతటా ఒకే ఆదివారం పెద్దవాళ్లందరూ రాయాలన్నారు. ఆ ఆదివారమే పెద్దమ్మ తోటకు వ్యాపారి లారీ వచ్చింది. లారీ వచ్చిందంటే ఆ రోజే కోయాలి, ఆ రోజే ఎత్తాలి. ఆడవాళ్లందరూ తోటకు పోయారు. మండలం నుంచి వచ్చిన సారు తోట దాకా పోయి బతిమాలాడు. పెద్దమ్మ చెట్టు కిందనే నిలబడి, "సారూ, కాయ రాలిపోతే మీ పరీక్ష కొంటాదా? మళ్లా వారం పెట్టుకోండి, అందరం వచ్చి రాస్తాం" అంది. ఆమెకు నిజంగానే అలా పెట్టుకోవచ్చనిపించింది. మా ఊళ్లో ఏ పనైనా అలాగే జరుగుతుంది కదా.

పరీక్షకు వచ్చింది ఖాలా ఒక్కతే. రంజానుకు కట్టుకున్న చీర కట్టుకుని, పెన్ను కొంగుకు ముడి వేసుకుని వచ్చి, ఒక మూల కూర్చుని రాయడం మొదలుపెట్టింది. సారు కాసేపు ఫోనులో మాట్లాడి, హైస్కూలు పిల్లలను పిలిపించి వరుసగా కూర్చోబెట్టి తలా కొన్ని పేపర్లు ఇచ్చాడు. నాతో, "ఏం చేసేదిమ్మా, ఊరంతా పాసు కావల్లంట, పైనుంచి చెప్పినారు" అన్నాడు. చెడ్డవాడేమీ కాదు. మొహం చూస్తే నాలాగే భయస్తుడు.

ఖాలా తల ఎత్తి చూసింది. "ఈ పిల్లోళ్లు ఎవురి పరీక్ష రాస్తాండారు బేటీ?" అని అడిగింది. నేను చెప్పాను. ఆమె మళ్లీ తల వంచుకుని రాసుకుంది. సాయంత్రమైనా ఆమెది పూర్తి కాలేదు. సారు పేపరు అడిగితే చేత్తో మూసి పట్టుకుని, "నాది నేనే రాసుకుంటా సారూ, ఇంకొంచెమే ఉంది" అంది. జీపు వచ్చిందని అతను నెమ్మదిగా పేపరు తీసుకుని, మిగిలింది ఒక పిల్లతో రాయించి కట్టలో పెట్టాడు.

అందరూ పాసయ్యారు. తోటలో ఉన్నవాళ్లకు వచ్చిన సర్టిఫికెట్టే ఖాలాకూ వచ్చింది. మా ఊరు పూర్తిగా అక్షరాస్యమైందని ప్రకటించారు, మీటింగు పెట్టారు, పెద్దమ్మకు శాలువా కప్పారు. చదువు రానివాళ్లు లేని ఊళ్లో చదువు చెప్పే మనిషి ఎందుకని ఆ పరీక్ష తరువాతనే మా కేంద్రం ఎత్తేశారు. ఇంకొన్నాళ్లకు ఆ కార్యక్రమమే ఆగిపోయింది. పేపరు రావడం మానేసింది. మా కేంద్రానికి పంపిన పెద్ద అక్షరాల కథల పుస్తకాల పెట్టెను పంచాయతీ ఆఫీసులో పెట్టి తాళం వేస్తే, చెదలు పట్టింది.

నేను ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్లో బిల్లులు రాసే పనికి చేరాను. సెలవుకు ఇంటికి వచ్చినప్పుడల్లా ఖాలా గోడ మీదుగా, "చదవనీకె ఏమన్నా తెచ్చినావా?" అని అడిగేది. పాత పేపర్లు, కొట్లో ప్యాకింగు కాగితాలు తెచ్చి ఇచ్చేదాన్ని. తరువాత అడగడం మానేసింది. అల్లుడు ఆమెకు టచ్ ఫోను కొనిచ్చాడు. కూతురి మొహం అందులోనే కనబడుతోంది, కువైట్ నుంచి భర్త గొంతు అందులోకే వస్తోంది, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే చాలు. ఒకసారి క్యాలెండరులో నెల పేరు చూపించి ఇదేమిటి ఖాలా అంటే, కళ్లు సరిగా కనబడడం లేదని అంది. సూదిలో దారం మాత్రం ఒక్కసారికే ఎక్కించింది.

స్తంభం చాటున నిలబడి ఇదంతా తలచుకుంటూ ఉండగా బస్సు ఒకటి వచ్చి ఆగింది. దానికి రేకు బోర్డు లేదు. అద్దం పైన ఎర్రని లైట్ల అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరుగెత్తుతున్నాయి. ఖాలా సంచి ఎత్తుకుని బస్సు ముందుకు వెళ్లి నిలబడింది. పెదవులు కదిలాయి. చావిడి గోడ దగ్గర ఎత్తినట్టే వేలు ఎత్తి మొదటి అక్షరాన్ని పట్టుకుంది. రెండోదానికి వచ్చేసరికి అవి వెళ్లిపోయాయి, ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి, మధ్య ఊళ్ల పేర్లు వచ్చాయి, మళ్లీ మొదటికి వచ్చాయి. ఆమె వేలు మళ్లీ ఎత్తింది. అక్షరాల వెంట జరిగి జరిగి ఆ వేలు బోర్డు దాటిపోయి గాలిలో ఆగింది. ఎవరో వెనక నుంచి జరగమన్నారు. ఆమె వేలు దించేసింది.

అప్పుడు వెళ్లాను. నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు, సిగ్గుపడింది.

"బేటీ, ఇది జమ్మలమడుగుదేనా?"

"అవును ఖాలా."

"అచ్చరాలు గూడా ఉరకడం నేర్చుకున్యాయి సూడు" అని నవ్వి, నా చేతిలో రెండు చీనీకాయలు పెట్టి బస్సు ఎక్కింది.

ఎవరినీ అడగకుండా ఉండడానికని నేర్చుకున్న మనిషి ఆమె. ఆమెకు కావలసింది పెద్దదేమీ కాదు. మధ్యాహ్నాల్లో ఒక పేపరు, ఒక అరుగు, నెమ్మదిగా చదివితే విసుక్కోని మనిషి ఒకరు ఎప్పటికీ ఉంటే సరిపోయేది. బతికినన్నాళ్లూ చదువంటే నాకు తెలిసింది అంతే. దానిని ఒక ఆదివారం సాయంత్రానికి పూర్తి చేసేశారు. ఇప్పుడు మళ్లీ మొదలుపెడతారట, ఫోనులో. మా ఊరి పేరు అందులో ఉండదు. మా ఊళ్లో అందరికీ చదువు వచ్చు కదా.

ఆ రోజు నేను అక్కడ ఉన్నాను కాబట్టి ఖాలా అడిగింది. నేను లేని రోజు ఆమె మళ్లీ బస్సు నిలబడే చోటు చూసే ఎక్కుతుంది.