అక్క పుట్టినరోజు కోసం చాగలమర్రి దాకా

పోయిన నవంబరులో మా అక్క సుగుణమ్మ చనిపోయింది. ఏడాది తిరిగేలోపు ఆమె సమాధి మీద రాయి నిలబెట్టాలని, నవంబరు రెండున సమాధుల పండుగ నాటికి అది సిద్ధంగా ఉండాలని మా బావ దేవదానం కోరిక. కడపలో రాళ్లు చెక్కే మనిషితో మాట్లాడి, ఏమేం చెక్కించాలో కాగితం మీద పెట్టమని నాకు చెప్పాడు. మా ఇంట్లో అలాంటి పనులన్నీ నా దగ్గరికే వస్తాయి. పేరు రాశాను, పోయిన తేదీ రాశాను, బైబిలు వాక్యం రాశాను. పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయాను. అక్క ఆధార్ కార్డులో ఒక సంవత్సరం ఉంది. మా పుట్టింటి పాత రేషన్ కార్డులోని వయసును బట్టి చూస్తే ఇంకో సంవత్సరం వస్తోంది. రెండేళ్ల తేడా. కాగితం మీదైతే కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చు, రాతి మీద కుదరదు. బావకు ఫోన్ చేశాను. "మీ ఊరి చర్చిలో బాప్తిస్మం పుస్తకం ఉంటాది గదా జయా, పోయి సూసొద్దాం. ఎన్నేండ్లు బతికిందో అదన్నా సరిగ్గా రాయల్ల," అన్నాడు. అలా అక్టోబరు చివర్లో ఒక మంగళవారం బయల్దేరాను. ఇలా తమ వాళ్ల పాత రిజిస్టర్లు వెతుక్కునేవాళ్లకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ఉదయం ఆరుంబావుకు కర్నూలు బస్టాండులో కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు టికెట్ డబ్బు లేదు, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టరు నా కార్డు చూసి నవ్వాడు. "మేడం, మీదీ జూలై ఒకటేనా? ఈ బస్సులో మీరు నాలుగో మనిషి," అన్నాడు. మా వయసువాళ్లలో చాలామంది పుట్టినరోజు అదే. బడిలో చేర్చుకునేటప్పుడు అయ్యవారు తనకు తోచిన తేదీ వేసేవాడు. మా ఇంట్లో ఒక్క అక్కకే వేరే తేదీ, మార్చి తొమ్మిది. ఆమెను చేర్పించేటప్పుడు మా నాన్న బాప్తిస్మం చీటీ పట్టుకుని పోయాడట. ఆ సంగతి అక్క జీవితమంతా చెప్పుకుంది. "మీవన్నీ అయ్యవారు పెట్టిన పుట్టినరోజులే, నాదొక్కటే దేవుడు పెట్టింది," అని మమ్మల్ని ఏడిపించేది. ఇంకే విషయంలోనూ గొప్పలు చెప్పుకునే మనిషి కాదు.

ఎనిమిదికి నంద్యాల చేరాం. బస్సు పది నిమిషాలు ఆగితే దిగి ఉగ్గాని, బజ్జీ తీసుకున్నాను, నలభై రూపాయలు. సగం తిని వదిలేశాను. ఈ ఏడాదంతా నాకు పొద్దున నిద్ర లేస్తూనే అలసటగా ఉంటోంది. పని ఎక్కువై కాదు, ఎప్పుడూ చేసే పనే. ఆళ్లగడ్డ దాటాక కిటికీ పక్కన కూర్చుని పత్తి ఏరుతున్న కూలీలను చూస్తూ కునుకు తీశాను. పది కావస్తుండగా చాగలమర్రిలో దిగాను. కడప నుంచి ముందే వచ్చిన బావ, గుడ్డసంచి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ముప్పైయేళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. నన్ను పలకరించే ముందు నేను దిగిన బస్సు వంక చూసి, "క్లచ్చి మీద నుంచి కాలు తీయడే ఈ పిల్లోడు," అన్నాడు.

అక్కడి నుంచి మా పుట్టినూరు ఏడు కిలోమీటర్లు. షేర్ ఆటోలో మనిషికి ఇరవై. కానీ తిరుగు ఆటో దొరకదు కాబట్టి, పోయి రావడానికి మూడు వందలకు ఖాజా అనే అతని ఆటో మాట్లాడాను.

"యాడికి పోవల్లక్కా, ఊర్లోకా?"

"చర్చి దగ్గరికి."

"ఈ దినం మంగళారం గదక్కా!"

"ఏమప్పా, మంగళారం దేవుడు తలుపు తీయడా?" అన్నాడు బావ.

"దేవుడు తీస్తాడు పెద్దాయనా. తాళంచెవి అయ్యగారి దగ్గర ఉంటాది."

అయ్యగారు, అంటే అక్కడి పాస్టరు, పాతికేళ్లు దాటిన కుర్రవాడు. ముందురోజే ఫోన్ చేసి ఉన్నాను కాబట్టి ఎదురుచూస్తున్నాడు. రాతి గోడల చర్చి లోపల చల్లగా ఉంది. వెనక గదిలోని ఇనుప ట్రంకుపెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. "నెమ్మదిగా తిప్పండమ్మా, పేజీలు విరుగుతున్నాయి," అన్నాడు. సిరా గోధుమరంగుకు తిరిగింది. ఒక్కో వరుస మీద వేలు పెట్టుకుంటూ చదివాను. నలభై నిమిషాలకు దొరికింది. మా నాన్న పేరు, మా అమ్మ పేరు, బిడ్డ పేరు సుగుణమ్మ, పుట్టినది మార్చి తొమ్మిది. సంవత్సరం కూడా ఆధార్‌లో ఉన్నదే.

"సూస్తివా, నా పెండ్లాము నిజమే చెప్పింది," అని బావ కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఫోటో తీసుకుని, వెళ్దామని సంచి కూడా అందుకున్నాడు.

నాకే తృప్తి కలగలేదు. మరి రేషన్ కార్డు ఎందుకు తప్పు చెబుతోంది? ఎలాగూ వచ్చాను, నా పేరు కూడా చూసుకుందామని పేజీలు తిప్పుతూ పోయాను. రెండేళ్ల తర్వాతి పేజీలో మళ్లీ మా నాన్న పేరు, మా అమ్మ పేరు, బిడ్డ పేరు సుగుణమ్మ. బాప్తిస్మం తేదీ ఉంది, పుట్టిన తేదీ దగ్గర ఖాళీ. రాసినవాళ్ల పొరపాటు అనుకున్నాను. అయ్యగారు ట్రంకులోంచి ఇంకో సన్నటి పుస్తకం తీశాడు. అది భూస్థాపనల పుస్తకం. అందులో రెండు పేజీలు తిప్పి నా వైపు జరిపాడు. సుగుణమ్మ, వయసు పదకొండు నెలలు, జ్వరం.

చర్చి ఊడ్చే ఎస్తేరవ్వ గుమ్మంలో కూర్చుని అన్నీ వింటోంది. మా అమ్మకు వరుసకు పిన్నమ్మ, ఎనభై దాటింది. ఆమెను అడిగాను.

"మీయమ్మకు తొలికాన్పు ఆ పాప," అంది అవ్వ. "నడక రాకముందే పాయ. రెండేండ్లకు మల్లా ఆడబిడ్డ పుడితే, పోయిన పిల్లే తిరిగొచ్చెనని ఆ పేరే పెడ్తిరి. పుట్టిన దినం మాత్రం మీయమ్మ రాయనీలే. రాయిస్తే ఈ బిడ్డా నిలవదని శానా భయపడె. బడికి పోయేటప్పుడు మీ నాయన పెట్టెలో దొరికిన చీటీ పట్టుకపాయ. అది తొలిబిడ్డది."

"మాకెవరూ చెప్పలేదేమి అవ్వా?"

"మీరు అడిగితిరా?"

అడగలేదు. రేషన్ కార్డు కోసం ఇంటికొచ్చి వయసులు రాసుకున్నవాళ్లకు అమ్మే నోటితో చెప్పింది. ఆ వయసే సరైనది. అక్క అరవై ఒకటి నిండి పోయిందని అందరికీ చెప్పాం. నిజానికి ఆమెకు యాభై తొమ్మిదే. ఏ నెలలో, ఏ రోజున పుట్టిందో ఇప్పుడు చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

బావ బయటికి నడిచాడు. చర్చి వెనకే సమాధుల తోట. పాత రాళ్ల మీద అక్షరాలు అరిగి నున్నగా అయిపోయాయి, వేలితో తడిమినా తెలియడం లేదు. "చిన్నబిడ్డది యాడ?" అని బావ అడిగితే అవ్వ చీపురుతోనే చూపించింది. "ఆ కంపచెట్ల కింద యాడనో. పసిబిడ్డలకు రాయి పెట్టే తాహతు ఎవురికుండె?" ముళ్లకంప ఎత్తుగా పెరిగి ఉంది. బావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, ప్యాంటుకు గుచ్చుకున్న ముల్లు తీసుకుంటూ వచ్చాడు.

"దొరికిందా పెద్దాయనా?" అన్నాడు ఖాజా, ఆటో తిప్పుతూ.

"దొరికిందప్పా. ఒకరి కోసం పోతే ఇద్దరు దొరికిరి."

చాగలమర్రిలో ఒంటిగంటకు బస్సు దొరికింది. మైదుకూరులో దిగి భోజనం చేశాం, ఇద్దరికీ రెండు వందలు. వడ్డించే ఆమె సంగటి పెడుతుంటే బావ చాలని చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇంత మనిషివి, ఈ మాత్రం తినకుంటే ఎట్ల నాయనా?" అని ఆమె కోప్పడింది. చేతులు కడుక్కునేటప్పుడు బావ నాతో అన్నాడు, "ముప్పై ఆరేండ్లు మార్చి తొమ్మిదికి మైసూరుపాకు తెచ్చినా జయా. డూటీ నుంచి ఎంత లేటయినా తెచ్చినా. ఎవురి పుట్టినరోజుకు తెచ్చినట్ల?" నీళ్ల సీసా అందించాను.

మూడున్నరకు కడప. రాళ్లు చెక్కే మస్తానయ్య షెడ్డు ఊరి మొదట్లోనే, రోడ్డు పక్కన ఉంది. ఆయన మనిషంతా తెల్లటి దుమ్ము. మూడడుగుల నల్లబండ, నునుపు చేసి, పద్దెనిమిది వందలు. చెక్కినందుకు అక్షరానికి ఇరవై. "గుణింతాలకు, ఒత్తులకు వేరే తీసుకోనులే మేడం, అవి నా పుణ్యానికి," అన్నాడు. నేను కాగితం ఇచ్చాను. చదువుకుని, చెవి మీది పెన్సిలు తీసి, "పుట్టిన తేదీ దగ్గర ఖాళీ పెడితిరే?" అన్నాడు.

దారి పొడుగునా నేను ఆలోచించింది అదే. "అది వద్దు. పోయిన తేదీ రాసి, కింద వయసు యాభై తొమ్మిది అని చెక్కండి చాలు," అన్నాను.

"మార్చి తొమ్మిది రాయప్పా," అన్నాడు బావ.

"బావా, అది అక్కది కాదు కదా."

"తెలుసు."

"సరిగ్గా రాయాలని నువ్వే కదా నన్ను ఇంత దూరం తిప్పింది?"

బావ అక్కడే ఒక బండ మీద కూర్చున్నాడు. "ఆ బిడ్డకు రాయి లేదు జయా. ఇంగెవురూ పెట్టేటోళ్లు గూడా లేరు. పేరు ఇద్దరిదీ అదే. పైన చిన్నదాని పుట్టినరోజు ఉండనీ, కింద మీ అక్క పోయిన రోజు ఉండనీ. బతికినన్నాళ్లూ మీ అక్క ఆ తేదీని నాదీ నాదీ అని మోసె. ఇప్పుడు నేను పెరుక్కునేదేంది?"

మస్తానయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన చేతిలోంచి పెన్సిలు తీసుకుని, ఖాళీలో ఆ తేదీ నేనే రాసి ఇచ్చాను.

ఆ రాత్రి బావ ఇంట్లోనే పడుకుని తెల్లవారి బస్సుకు తిరిగొచ్చాను. కాళ్లనొప్పి రెండు రోజులు ఉంది. వంట చేస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా ఆ రెండు పుస్తకాలే కళ్లముందు తిరుగుతున్నాయి. పదకొండు నెలల బిడ్డకు అందులో ఒక వరుస. పిల్లల్ని పెంచి, మిషను కుట్టి, ఆస్పత్రిలో ఆరు నెలలు నరకం చూసి పోయిన మా అక్కకూ ఒక వరుసే, అందులోనూ ఒక గడి ఖాళీ. నాకూ ఆ పుస్తకంలో ఎక్కడో ఒక వరుస ఉంటుంది. నా పేరు వెతకాలనుకున్నదాన్ని, ఆ తర్వాత మరిచేపోయాను. ఇప్పుడు మళ్లీ వెళ్లి చూసుకోవాలని కూడా లేదు. ఆ రాయి అక్షరాలు కూడా ఒకరోజు అరిగిపోతాయి. అందాకా దాని ముందు కొవ్వొత్తి వెలిగించిన ప్రతిసారీ ఇద్దరికి వెలుగుతుంది. మార్చి తొమ్మిదికి మైసూరుపాకు తెస్తానని బావ ఇప్పటినుంచే అంటున్నాడు.

మీరు కూడా ఇలా రిజిస్టరు వెతకడానికి పోతే, మామూలు రోజు ఉదయం, ముందే ఫోన్ చేసి పోండి, పేజీలకు ఫోటోలు తీసుకోండి. దానికంటే ముందు, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరు మిగిలి ఉన్నా, వాళ్ల పక్కన కూర్చుని అడిగి రాసుకోండి. మాకు ఆ ఒక్క గడి నింపగలిగిన మనిషి, మా అమ్మ, పన్నెండేళ్లు మా ఇంట్లోనే, నా వంటగది పక్క గదిలోనే ఉండి కన్నుమూసింది.