పచ్చ చేయించిన నోరు

ఆ రోజు కోడలు తగవు గెలిచిన తీరు చూసి అత్తగారికి భోజనం చేయకుండానే కడుపు నిండింది.

అత్తగారు చదివింది మూడో తరగతి. తగవుల దగ్గర మాత్రం ఆవిడ మాట ఎవరూ కాదనరు. మెట్ల మీద తగవు, నీళ్ళ కుళాయి దగ్గర తగవు, వాటాగోడ తగవు, అన్నీ చూసింది, సగం తనే ఆడింది, ఆడినదేదీ ఓడలేదు. నోటితో పని జరగని చోట గిల్లేది. ఆ గిల్లుడుకు వంశంలోనే పేరుంది. నలభై దాటిన కొడుకు మోచేతి మీద చిన్ననాటి గుర్తు ఇంకా ఉంది. అలాంటి మనిషి ఒకరి నోటిని మెచ్చుకోవడమంటే సామాన్యం కాదు.

కోడలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. వారంలో సగం రోజులు ఇంట్లో భోజనాల బల్ల మీదే ఆఫీసు. మూత్రపిండాలు చెడినవాళ్ళకు రక్తం శుద్ధి చేసే డయాలసిస్ కేంద్రాలున్నాయి కదా, ఏ రోగి ఏ రోజు ఏ కుర్చీలో కూర్చోవాలో వంతులు పంచే పాత ప్రోగ్రామ్ తీసేసి కొత్తది పెట్టడం ఆమె చేతిలో ఉన్న పని. ఆ పనిని ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఒక రంగు పెట్టి, వారం వారం పైవాళ్ళకు పంపుతారు. పచ్చ అంటే బాగుంది. పసుపు అంటే అనుమానం. ఎరుపు అంటే ఆగండి అని.

ఆ రోజు ఒక ముక్కకు ఎరుపు పెట్టింది ఒక ఆడపిల్ల. తయారైన ప్రోగ్రామ్‌ను పరీక్షించడం ఆమె ఉద్యోగం. అందుకని అత్తగారు ఆమెకు పరీక్షల పిల్ల అని పేరు పెట్టుకుంది. లాప్‌టాప్ తెరలో పావలా బిళ్ళంత మొహం. బల్ల ఇవతల అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది.

"మేడం, కొత్తది నిలబడకపోతే పాతదానికి వెనక్కి రావాలి కదా. ఆ వెనక్కి వచ్చే దారి మనం ఒక్కసారి కూడా నడిచి చూడలేదు. అందుకే ఎరుపు పెట్టాను," అంది పిల్ల.

"కానీ ముందుకెళ్ళే దారి బాగుందా లేదా?"

"బాగుంది మేడం."

"బాగున్న దారిలో పోయేవాళ్ళు వెనక్కెందుకొస్తారు?"

"ఒకవేళ వస్తే..."

"ఒకవేళ అనేది పని కాదమ్మా, భయం. నీ భయానికి రంగేసి పైకి పంపమంటావా? ఇల్లు కట్టేవాడెవడైనా కూలిపోతే ఎలా అని పక్కన ముందే గుడిసె వేసుకుంటాడా?"

తెరలో ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్ల నవ్వలేదు.

"సరే మేడం. మారుస్తాను."

"మార్చేటప్పుడు పచ్చే పెట్టు. పసుపు పెట్టి నాతో బేరాలాడకు."

లాప్‌టాప్ మూతపడగానే అత్తగారు తన తీర్పు చెప్పింది. "అమ్మాయ్, గుడిసె మాట దగ్గరే తగవు అయిపోయింది. ఆ బేరం మాట ఎక్కువ. పడ్డదాన్ని తొక్కితే మన కాలు నొప్పే తప్ప ఏముంది."

"మీ దగ్గర నేర్చుకున్నదే కదా అత్తయ్యా," అని కోడలు నవ్వింది. అత్తగారు కూడా నవ్వి ఇంకో గుప్పెడు బఠాణీలు ముందుకు లాక్కుంది.

కొత్తది మొదలుపెట్టే రోజు రానే వచ్చింది. కోడలు ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల దగ్గర కూర్చుంది. కాసేపు అంతా శుభంగానే నడిచింది. ఆ తర్వాత ఫోను మోగింది. ఆ ఫోను పెట్టకముందే ఇంకోటి. కొత్త ప్రోగ్రామ్ ఒకే కుర్చీని ముగ్గురేసి రోగులకు రాసిచ్చింది. వరండాల్లో జనం. కూర్చున్నవాళ్ళను లేపలేక, నిలబడ్డవాళ్ళకు చెప్పలేక నర్సులు తలలు పట్టుకున్నారు.

"పాతదానికి వెళ్ళిపోండి," అని కోడలు ఫోన్లో ఆజ్ఞ వేసింది.

వెళ్ళారు. పాత ప్రోగ్రామ్ తెరుచుకుంది కూడా. కానీ కొత్తది పోతూ పోతూ తన తప్పుడు వంతులన్నీ దాని మీద రాసేసి పోయింది. పాత ఇంటికి తిరిగొస్తే తలుపు ఉంది, గోడలున్నాయి, లోపల ఉన్నది ఎవరి సామానో. ఆ దారి ఒక్కసారి నడిచి చూసి ఉంటే వారం ముందే తెలిసేది. కోడలు కుక్కిన పేనులా కూర్చుంది. ఆమె అలా కూర్చోగా అత్తగారు చూడటం అదే మొదలు.

ఆ వరండాలో నిలబడ్డవాళ్ళలో పెన్షను పుచ్చుకున్న బస్సు డ్రైవరు ఒకడున్నాడు. రేపు రా తాతా అన్నారు. ఇంటికెళ్ళాడు. మర్నాటికి ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరాడక, కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే మోసుకొచ్చి అత్యవసర వార్డులో పడేశారు. ఆ కబురు ఫోన్లో వచ్చినప్పుడు కోడలు అడిగిన మొదటి మాట అత్తగారు తన చెవులతో విన్నది.

"ఆయన వంతు పాతదాంట్లో పోయిందా, కొత్తదాంట్లో పోయిందా?"

ఫోను పెట్టాక అత్తగారు అడిగింది. "మనిషి ఉన్నాడా అని అడగవేం?"

"ఉన్నాడులెండి."

ఉన్నాడు. బతికి ఇంటికి కూడా వెళ్ళాడు. ఆ తర్వాత నుంచి వంతున్న ప్రతిరోజూ కేంద్రం తలుపు తీయకముందే వచ్చి గుమ్మానికి ఆనుకుని కూర్చుంటాడట. ఎవరు రేపు రమ్మంటారోనని లేచి నీళ్ళు తాగడానికి కూడా వెళ్ళడట.

తప్పు ఎక్కడ జరిగిందో తేల్చడానికి కంపెనీవాళ్ళు ఒక మీటింగు పెట్టారు. దానికి పోస్ట్‌మార్టమ్ అని పేరట. "బస్సు డ్రైవరు బతికాడుగా, మరి కోసేది ఎవర్ని?" అంది అత్తగారు. ఎవర్ని కోశారో కాసేపటికే తెలిసింది.

తెరలో కంపెనీ పెద్దాయన నిదానంగా అడిగాడు. "వెనక్కి వచ్చే దారికి పచ్చ ఉంది. పెట్టిందెవరు?"

కోడలు గొంతు సవరించుకుంది. "పరీక్షించినవాళ్ళు పెట్టిన రంగే నేను పైకి పంపుతాను సార్. ఆ ముక్క ఎవరిదో అందరికీ తెలుసు."

"మేడం, నేను మొదట ఎరుపు..." అని పిల్ల అందుకుంది.

"కానీ చివరికి పెట్టిందేమిటి? సంతకం మొదటిదానికి చేస్తారా, చివరిదానికి చేస్తారా?"

పిల్ల నోరు తెరిచింది. అందరూ ఆమె వంకే చూస్తున్నారు. నోరు మూసింది.

"సరే మేడం. మీరు చెప్పినట్టే."

ఆ సాయంత్రానికే పిల్లను ఆ పనిలోంచి తీసేశారు. వేరే పని చూపిస్తామన్నారు, చూపించలేదు, ఇంట్లో కూర్చోమన్నారు.

అత్తగారు ఈసారి తీర్పు చెప్పలేదు. పొయ్యి ఆపి వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఆ పిల్లచేత రంగు మార్పించింది నువ్వే కదూ?"

"మార్చింది ఆమె చెయ్యి అత్తయ్యా."

"చెయ్యి ఆమెది. నోరెవరిది?"

కోడలు తేలు కుట్టిన దొంగలా లేచి లోపలికి వెళ్ళిపోయింది.

రెండోసారి మొదలుపెట్టడానికి ఇంకో తేదీ వేశారు. ఈసారి తప్పితే కోడలి ఉద్యోగం ఉండదు, అది ఒక సంగతి. ఈసారి తప్పితే గుమ్మానికి ఆనుకుని కూర్చున్నవాళ్ళలో ఒకడు లేవడు, అది రెండో సంగతి. కోడలికి రెండూ తెలుసు. రోజూ మీటింగు పెట్టి మనుషుల్ని ఒక్కొక్కర్నీ అడిగేది.

"ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవు మేడం."

"వెనక్కి వచ్చే దారి?"

"బాగుంది మేడం."

"నడిచి చూశారా?"

"చూశాం మేడం," అని బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు అందరూ ఒకే గొంతుతో అనేవారు.

తెర నిండా పచ్చ. వానలు పడ్డాక బీడు మీద గడ్డిలా ఎటు చూసినా పచ్చ. ఆ పచ్చ చూసినకొద్దీ కోడలికి అన్నం సయించడం మానేసింది.

"వాళ్ళు నిజం చెబుతున్నారో లేదో తెలియట్లేదు అత్తయ్యా."

"ఎందుకు చెబుతారు? ఒకత్తి చెబితే ఏమైందో చూశారుగా. వాళ్ళకేం తలతిక్కా?"

కోడలు మొగుడి వైపు తిరిగింది. అతను కంచం ముందు తలొంచుకుని తింటున్నాడు. ఆ ఇంట్లో చిన్నప్పుడు అమ్మ చేతిలో, పెళ్ళయ్యాక పెళ్ళాం నోటిలో నలిగి నలిగి నున్నగా అయిన మనిషి.

"ఏమండీ, నిజం చెప్పండి. నాతో మాట్లాడాలంటే అంత భయమా?"

"అబ్బే, అదేం లేదు," అన్నాడు, మెతుకు మింగకుండానే.

"చూశావా," అంది అత్తగారు. "పచ్చ పెట్టాడు."

మర్నాడు కోడలు ఇంటి నుంచి పని చేయకుండా ఆఫీసుకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మొహం ఉతికి ఆరేసిన బట్టలా ఉంది. చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడి చెప్పుకొచ్చింది. పెద్దాయన గదికెళ్ళి, ఆ పచ్చ తానే పెట్టించానని ఒప్పుకుందట.

"ఏమన్నాడు?"

"నిజం చెప్పినందుకు సంతోషం అన్నాడు. ఆ సంతోషంలోనే నా పదవి తీసేశాడు. ఈ పని పూర్తయ్యేదాకా ఉండమన్నాడు. అది కూడా ఒక షరతు మీద. ఆ పిల్ల తనంతట తాను తిరిగొచ్చి, తన కళ్ళతో చూసి, తన చేత్తో రంగు పెట్టాలి. ఆమె రానంటే నేనూ రానక్కర్లేదట."

"మిగతావాళ్ళకు చెప్పావా?"

"అందర్నీ నిలబెట్టి చెప్పాను. తప్పు నాది, ఇకమీదట ఎరుపు పెట్టినవాళ్ళను ఏమీ అనను అని."

"వాళ్ళేమన్నారు?"

కోడలు చెప్పుల వంక చూసుకుంది. "సరే మేడం అన్నారు."

అత్తగారికి నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

ఇక మిగిలింది పరీక్షల పిల్లే. కోడలు బల్ల మీద ఫోను పెట్టి, స్పీకరు ఆన్ చేసి, అత్తగారిని కూడా ఉండమని సైగ చేసి, నంబరు నొక్కింది.

"నువ్వు ఎరుపు పెట్టడమే సరైనది. మార్పించింది నేను. పదిమందిలో నీ మీదకు నెట్టింది కూడా నేనే. క్షమించమని అడగడానికి చేశాను."

ఫోను అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు.

"పెద్దసారు చెయ్యమన్నారా మేడం?"

"లేదు. ముందు నేనే వెళ్ళి ఆయనకు చెప్పాను. నువ్వు తిరిగి రావాలి. ఆ వంతుల కోసం కూర్చున్నవాళ్ళ కోసమైనా రావాలి."

"నాకూ ఆ తాతే గుర్తొస్తున్నాడు మేడం. నిద్ర పట్టట్లేదు. ఆ రోజు నేను మార్చకుండా ఉండాల్సింది."

అక్కడితో ఊరుకుని ఉంటే పని అయిపోయేది. పండు చేతిలో పడింది. అత్తగారు కూడా ఊపిరి పీల్చుకుంది.

"కానీ," అంది కోడలు, "అదే నేనూ అడుగుదామనుకున్నా. అంత నమ్మకం ఉన్నదానివి ఒక్క మాటకే ఎందుకు మార్చేశావు? నిలబడటమే కదా నీ ఉద్యోగం."

"నిలబడితే వినేవారా మేడం?"

"గట్టిగా చెబితే ఎందుకు వినను? నువ్వు గట్టిగా చెప్పలేదు. నా తప్పు నేను ఒప్పుకున్నాను. నీ వాటా కూడా నువ్వు ఒప్పుకుంటే ఇద్దరికీ మంచిది."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"సరే మేడం. మీరన్నదే రైటు," అని పిల్ల ఫోను పెట్టేసింది.

అత్తగారు బల్ల మీద చేతులు ముడుచుకుని కోడలిని ఎగాదిగా చూసింది. "క్షమాపణ అడగబోయి కూడా గెలిచావు. నీకు సాటి లేదు తల్లీ. పరామర్శకని చావింటికెళ్ళి శవంతో వాదించి వచ్చే రకం నువ్వు."

కోడలు ఏడవలేదు. ఏడిస్తే అత్తగారు అది కూడా వాదనే అనేది. ఫోనును బోర్లించి పెట్టి చాలాసేపు దాని వీపు మీద వేలితో రాస్తూ కూర్చుంది.

"నాకు తెలియకుండానే వచ్చేస్తుంది అత్తయ్యా. ఆ 'కానీ' ఒక్కటి జారిందంటే ఇక ఆగదు. ఎదుటివాళ్ళు సరే అనేదాకా ఊపిరే రాదు."

"ఆగదు. అందుకే చూడ్డానికి అంత బాగుంటుంది."

"రేపు వాళ్ళింటికే వెళ్తాను."

"ఏ మొహం పెట్టుకుని? గుమ్మంలోనే తలుపేస్తుంది. నేనైతే వేళ్ళు నలిగేట్టు వేస్తాను."

"నేనొక్కదాన్నే వెళ్తే వేస్తుంది. ముసలావిడ వెంట ఉంటే వెయ్యలేదు."

"ఓహో. నన్ను తలుపు సందులో పెట్టడానికి తీసుకెళ్తున్నావన్నమాట," అంది అత్తగారు. అన్నదే గానీ, రేపటికి ఏ చీర కట్టుకోవాలా అని అప్పుడే ఆలోచిస్తోంది.

"అందుక్కాదు." కోడలు చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచింది. ఎండ సోకని తెల్లటి చర్మం. ఆ చేతిని బల్ల మీదుగా అత్తగారి ముందుకు జరిపింది. "మీరు నా పక్కనే కూర్చోండి. నా నోట్లోంచి 'కానీ' అన్న మాట వచ్చిందంటే ఇక్కడ గిల్లండి. మీ అబ్బాయిని గిల్లినట్టే గిల్లండి."

"ఆ పిల్ల ఎదురుగానా?"

"ఆ పిల్లకు కనబడేట్టు గిల్లండి అత్తయ్యా."