ఆరు చెంచాల పాలపొడి

మా పాపకి అప్పుడు తొమ్మిది నెలలు. ఉక్కునగరం క్వార్టర్సుకి కొత్తగా వచ్చాం. నాకున్నది మల్టిపుల్ స్క్లెరోసిస్ అని అంతకు ముందే తెలిసింది. నరాల జబ్బు, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, చూపు మసకబారుతుంది అన్నాడు డాక్టరు. మతిమరుపు గురించి అడిగితే, "చంటిపిల్లల తల్లులకి మామూలేనమ్మా" అని నవ్వాడు.

అది మామూలు మరుపులా లేదు. సీసాలో ఆరు చెంచాల పాలపొడి వెయ్యాలి. మధ్యలో కుక్కర్ కూత వేస్తే చాలు, వేసినవి మూడో నాలుగో తెలిసేది కాదు. డిగ్రీలో లెక్కలు చదివినదాన్ని! పారబోసి మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. ఒక్కోసారి అందాజుగా వేసేసేదాన్ని. పాప బరువు పెరగడం లేదన్నారు.

ఆయన బి షిఫ్టుకి వెళ్ళిన ఒక మధ్యాహ్నం, ఊరినుంచి వచ్చిన మా అత్తగారు సీసా ఎత్తి వెలుతురులో చూసింది.

"ఏటే ఇది? పాలా, కుడితినీళ్ళా?"

ఏడుస్తూ అంతా చెప్పేశాను.

"ఆదివారం పిల్లని నాతో తీసుకెలిపోతాను. నీకు ఒల్లు బాగయ్యేక తెచ్చుకుందువు."

ఇది బాగయ్యే జబ్బు కాదని ఆవిడకి తెలీదు.

"వద్దత్తమ్మా. ఏం చెయ్యమన్నా చేస్తాను."

ఆవిడ సీసా కడిగి నా ముందు పెట్టింది. "కల్లంలో మీ మావ దాన్యం కొలవడం సూసేవా?" అంది.

చూశాను. మొదటి కుంచాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. రెండోది పడేదాకా "లాభం, లాభం" అంటూనే ఉంటాడు.

"ఎవులు పిలిసినా పలకడు. అంకె నోట్లో ఉంటే బుర్రతో పన్లేదు. నువ్వూ అలాగే ఎయ్యి."

మొదలుపెట్టాను. మూడో చెంచా దగ్గర వెనకనుంచి, "గుమ్మంలోకి ఎవులో వచ్చేరు సూడే" అంది. పలకలేదు.

"ఏటే, సెవుడా?"

"నాలుగు, నాలుగు..."

"ఓలమ్మా, పిల్ల మంచం మీంచి పడిపోతన్నాది!"

గిరుక్కున తిరిగాను. పాప ఆవిడ చంకలోనే ఉంది. నా నోరు మాత్రం "నాలుగు" అంటూనే ఉంది.

ఆదివారం ఆవిడ తన సంచీ ఒక్కటే పట్టుకుని దువ్వాడలో రైలెక్కింది.

మిగతావన్నీ ఇంకా జారిపోతూనే ఉన్నాయి. పాలు కలిపేటప్పుడు పిలిస్తే పలకనని, "సదువుకున్నాదని పొగరు" అందట పక్క క్వార్టర్ ఆవిడ. సంగతి చెబుదామని ఒకరోజు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో వాళ్ళ గుమ్మం దగ్గరే మర్చిపోయి, కప్పుడు పంచదార అడిగి తెచ్చుకున్నాను.