క్యానులో రెండు గ్లాసుల నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఖాళీ క్యానుతో ఎవరూ గడప దాటేవాళ్లు కాదు. మైదుకూరు పక్కన మెట్ట పల్లె మాది. చేనికి పోయినా, ఊరికి పోయినా దారిలో గుక్కెడు నీళ్లు దొరుకుతాయన్న నమ్మకం లేదు. అందుకని ఎవరు క్యాను అడిగినా అడుగున రెండు గ్లాసుల నీళ్లు పోసి ఇవ్వడం నా పని. ఆ అలవాటే ఒకరోజు మా నాన్నకు చుక్కలు చూపించింది.

అప్పుడు నేను ఆరో తరగతి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వచ్చిన కరువు రోజులవి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పది రోజులైంది. బోరులో నీళ్లున్నాయి, మోటారుకు కరెంటు లేదు. అమ్మ ఒక్కో కొమ్మూ చేత్తో నాటిన పసుపు ఆకు ముడుచుకుపోయింది. నాన్న తిరగని చోట లేదు. చివరికి ఒక డీజిల్ జనరేటర్ ఒక్కరోజుకు దొరికింది. పొద్దు గూకేలోపు దాన్ని ఇంకో రైతుకు అప్పగించాలి. ఆ రోజు తడవకపోతే పసుపు మీద ఆశ వదులుకోవాల్సిందే.

పొద్దున్నే నాన్న డీజిల్ తెచ్చి పోసి హ్యాండిల్ తిప్పాడు. రెండు నిమిషాలు ఆడింది, దగ్గింది, ఆగిపోయింది. ఇక ఎంత తిప్పినా కిక్కురుమనలేదు. నాన్న అరచేతులు బొబ్బలెక్కాయి. దారిన పోయేవాళ్లు తలా ఒక సలహా పారేసి పోయారు. దిష్టి అని ఒకాయన అంటే నిమ్మకాయ కూడా కట్టాం. ఎండ నెత్తికెక్కుతోంది, పసుపు కళ్ల ముందే వాడిపోతోంది. నాకైతే ఆ ఇనుపముద్దను రాయి తీసుకుని కొట్టాలనిపించింది.

"దీన్ని ఎవురు ముట్టుకున్యారు? చెప్పండి, ఎవురు?" అని నాన్న అరిచాడు.

అప్పుడు చూశాను గట్టు మీదున్న క్యానును. పొద్దున నేను నీళ్లు పోసి ఇచ్చిన క్యాను అది. తాగడానికి నాన్న చేనికి తీసుకుపోతున్నాడనుకున్నాను. ఆయనేమో హడావుడిలో లోపల చూసుకోకుండా దాంట్లోనే డీజిల్ పట్టించుకొచ్చాడు. దెబ్బలకు భయపడి నోరు తెరవలేదు.

మధ్యాహ్నానికి నాన్న కబురందుకుని మైదుకూరు నుంచి ఇంజన్లు బాగుచేసే ముసలాయన సైకిల్ మీద వచ్చాడు. ఊరంతా ఆయన్ను మిస్త్రీ మామ అనేది. ఆయన రాగానే పానా తీయలేదు. చెట్టు నీడన గొంతుక్కూర్చున్నాడు.

"ఎవురు చేసినారో నాకు పనిలేదప్పా. పొద్దున్నించి ఏం జరిగిందో అది చెప్పండి సాలు. డీజిల్ యాడ పట్టినారు? దేంట్లో తెచ్చినారు?"

అంత మెల్లగా అడిగేసరికి నా నోటి వెంట మాట వచ్చేసింది.

"ఆ క్యానులో నీళ్లుండాయి మామా. రెండు గ్లాసులు. నేనే పోసినా."

నాన్న చెయ్యి లేచింది. మిస్త్రీ మామ ఆ వైపు చూడనైనా చూడలేదు. నన్నొక గాజు సీసా తెమ్మన్నాడు. ఫిల్టరు కింది మర వదులు చేసి కారినదంతా అందులో పట్టాడు. కాసేపటికి పైన డీజిల్, అడుగున నీళ్లు వేరుపడ్డాయి.

"సూడప్పా. ఈ పాప చెప్పకుంటే డీజిల్ పంపంతా ఊడదీసి, రేపటిదాకా ఈడనే కూచునేటోణ్ణి."

నాన్న లేపిన చేతిని తువాలుకు తుడుచుకున్నాడు. ట్యాంకు ఖాళీ చేసి కొత్త డీజిల్ పోశారు. డీజిల్ గొట్టంలో చేరిన గాలి పోయేదాకా ఇంజను పక్కనుండే చిన్న చేతిపంపు కొట్టే పని మిస్త్రీ మామ నాకే ఇచ్చాడు. బుడగలు ఆగాక నాన్న హ్యాండిల్ అందుకున్నాడు. మూడో తిప్పుకు నల్లటి పొగ వదిలి ఇంజను ఆడసాగింది. అమ్మ నీళ్లు కట్టడానికి చేనులోకి పరుగెత్తింది.

పొద్దు గూకేసరికి సగం చేను తడిసింది. జనరేటర్ వెళ్లిపోయింది. ఆ ఏడు సగం పసుపే దక్కింది. మిగతా సగం నేను నోరు తెరవని ఆ పూటలోనే ఎండిపోయింది.

ఇప్పుడు కమలాపురం బడిలో పాఠాలు చెబుతున్నాను. మా నాన్న కోపం నాకే వచ్చింది. కిటికీ పగిలినా, మైకు పాడైనా "ఎవరు?" అన్న మాటే ముందు నాలుక మీదికి వస్తుంది. దాన్ని బలవంతంగా మింగి, కుర్చీలో కూర్చుని, "ఏం జరిగిందిరా?" అని అడుగుతాను. కాసేపటికి వెనక బెంచీలో ఒక చెయ్యి భయంభయంగా లేస్తుంది. అది నా చెయ్యే అనిపిస్తుంది.