చిన్నాయిన కాళ్లూ, కోఎంజైమ్ గోళీలూ

చిన్నాయిన తాటిచెట్టు చివరికంటా ఎక్కి, అక్కడి నుంచి కేకేశాడు. "అరేయ్ పేపరోడా! గోళీలు దొంగవన్నవ్ గదరా, ఇగ రాసుకో!" కింద నిలబడ్డ నేను నోట్‌బుక్ మూసేశాను.

ఆ రోజుల్లో అనుమానించడమే నా ఉద్యోగం అనుకునేవాణ్ణి. సిద్దిపేటలో విలేకరిగా చేరి రెండు నెలలైనా నా పేరుతో ఒక్క వార్తా రాలేదు. (టీ కొట్టాయన చక్కెర కాస్త ఎక్కువేస్తే, ఎందుకేశాడా అని ఆలోచించేవాణ్ణి.) అప్పుడే చిన్నకోడూరులో కల్లు గీసే మా చిన్నాయినకు తొడలు పట్టేయడం మొదలైంది. కొలెస్ట్రాల్ మాత్రల వల్ల కావచ్చని డాక్టరు వాటి మోతాదు తగ్గించి, కోఎంజైమ్ క్యూటెన్ అనే గోళీలు రాశాడు. నెలలోగా చెట్టెక్కకపోతే ఆయన చెట్లు వేరేవాళ్లకు పోతాయి.

నేను మందుల దుకాణంలో ఆరా తీశాను. ఆ పదార్థం మన ఒంట్లోనే తయారవుతుందట, తిన్నదాన్ని కణాలు శక్తిగా మార్చుకోవడానికి సాయపడుతుందట, కణాలు దెబ్బతినకుండా కాపలా కాస్తుందట, వయసుతో తగ్గుతుందట. "మరి నొప్పులు తగ్గుతయా?" అన్నాను. "కొందరికి తగ్గుతయంటరు, కొందరికి తగ్గయంటరు" అన్నాడు దుకాణదారు. అంతకంటే అనుమానించదగ్గ జవాబు నేనెప్పుడూ వినలేదు. 'మాయ గోళీలు' అని శీర్షిక కూడా పెట్టేసుకుని, ప్రతి ఆదివారం వెళ్లి సీసాలో గోళీలు లెక్కపెట్టేవాణ్ణి. సరిగ్గా రోజుకొకటి తగ్గేది. నెల నిండకముందే ఆయన చెట్టెక్కాడు.

వాళ్లింట్లోకి వెళ్లి చిన్నమ్మ దగ్గర ఓటమి ఒప్పుకున్నాను. "గోళీలు పనిచేసినయ్ చిన్నమ్మా."

చిన్నమ్మ వాకిట్లోకి తొంగిచూసి గొంతు తగ్గించింది. "మింగితె గదరా! దొంగ గోళీలని నువ్వే అంటివి. నేను పెంటకుప్పల పారేసిన."

"మరి దినాం ఒకటి తక్కువైతుండె గదనే?"

"నువ్వు లెక్కపెడ్తుంటివి గదా, అందుకే దినానికొకటే పారేసిన. వాటికి బదులు ఆయనకు నా బలం గోళీలిచ్చిన. ఐతారమైతారం మేక గుండెకాయ వండిపెట్టిన."

మేక గుండెలోనూ అదే పదార్థం ఉంటుందని తర్వాత చదివాను. (గోళీలో ఉన్నంత మాత్రం కాదు.) ఇప్పుడు జుట్టు నెరిసిన నాకూ డాక్టరు అవే గోళీలు రాశాడు. మింగే ముందు సీసా వొంపి లెక్కపెట్టుకుంటుంటే, ఆ కుర్ర విలేకరి గుర్తొచ్చి నవ్వొస్తుంది. చిన్నాయిన కాళ్లను నిలబెట్టింది గుండెకాయ కూరో, తగ్గించిన కొలెస్ట్రాల్ మాత్రల మోతాదో ఈనాటికీ తేలలేదు. కాళ్లు గుంజుతున్నాయన్న ప్రతివాడికీ ఆయన ఆ గోళీల పేరే చెబుతున్నాడు. ఆయనకు మేమిద్దరం ఇంకా నిజం చెప్పలేదు.